ఎనిమిదో సంతానం

మన పూర్వులు సంతానమంటే కడుపున పుట్టిన బిడ్డలు మాత్రమే అనుకోలేదు. సంతానాలు ఏడు అన్నారు. కొడుకు ఒకటి, చెరువు త్రవ్వించడం ఒకటి, గుడి కట్టించడం, తోట వేయించడం, అగ్రహారం ఇవ్వడం, నిధి దాచడం, కృతి పుచ్చుకోవడం తక్కిన ఐదూ. పిల్లలు లేనివారిని ఓదార్చడానికి పుట్టించిన మాట అని ఎవరైనా అంటే అనవచ్చును గాని, అంత తేలికగా తీసిపారేయవలసిన మాట కాదిది. సంతానమనే శబ్దానికే తెగకుండా సాగేది అని అర్థం. మనిషి పోయిన తరువాత అతని చెరువులో నలుగురు నీళ్లు ముంచుకుంటే, అతని తోటలో నీడకు కూర్చుంటే, అతని పేరున్న పద్యం చదువుకుంటే, అతడు సాగుతున్నట్లే లెక్క.

ఈ ఏడింటిలో ఏది గొప్ప అనే ప్రశ్న కూడా మన సాహిత్యంలో వచ్చింది. మనుచరిత్ర అవతారికలో కృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనతో, ఏడింటిలోనూ చెడకుండా నిలిచేది కృతి ఒక్కటే అంటాడు. రాయలవారి మాట పొల్లు పోలేదు. 1565లో యుద్ధం ఓడిన తరువాత విజయనగరం పాడుపడింది. మనుచరిత్ర నేటికీ తరగతి గదుల్లో మోగుతూనే వున్నది.

అయినా చెరువు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కడప సీమలో పోరుమామిళ్ల చెరువు వుంది. దానిని బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. రోజుకు 1000 మంది మనుషులు, రాళ్లు తోలడానికి 100 బళ్లు పనిచేయగా రెండు సంవత్సరాలు పట్టిందని ఆ శాసనం చెబుతున్నది. అంతటితో వూరుకోలేదు. మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలూ, వుండకూడని ఆరు దోషాలూ వరసగా చెక్కించాడు. తాను కట్టింది నిలిస్తే చాలదు, తరువాతివాడు కట్టబోయేది కూడా నిలవాలి అన్నంత దూరం చూచాడన్నమాట.

ఆరువందల యాభై ఏళ్లు దాటినా ఆ చెరువు వుంది. ఎందుకు వుంది? రాయి గట్టిది గనుక అని సులువుగా అనేయకండి. పూడిక తీయకపోతే చెరువు మైదానమవుతుంది. గట్టున పడిన చిన్న గండి పూడ్చకపోతే వానాకాలంలో చెరువే పోతుంది. రాయలసీమలో దశబంధ మాన్యాలని వుండేవి. చెరువు కట్టినవారికీ, మరమ్మతులు చేయించేవారికీ ఆ పనికింద భూములు ఇచ్చేవారు. కట్టినవాడు ఒక్కడే. కాపాడవలసినవారు తరతరాల జనం. ఈ సంగతి కొంచెం జ్ఞాపకం వుంచుకోండి. ముందు దీనితో పని వున్నది.

ఏడు సంతానాల లెక్క చెప్పిన పెద్దలకు తట్టని విషయం ఒకటి వుంది. అది వారి తప్పు కాదు. వారి కాలంలో ఆ అవసరం రాలేదు. విస్తరాకు పెంటకుప్ప మీద పడితే నాలుగు రోజులకు ఎరువయ్యేది. చినిగిన పంచె మసిగుడ్డయ్యేది, మసిగుడ్డ చివరికి పొయ్యిలోకి పోయేది. మనిషి పోతే అతని చెత్త కూడా అతనితోపాటే పోయేది. మన సంగతి అట్లా కాదు. అంగడినుంచి ఇంటికి వచ్చేదాకా పది నిముషాలు పనికివచ్చిన ప్లాస్టిక్ సంచి మన మనుమల మనుమలను కూడా చూచి పోతుంది. మనం వదలిన పొగ మనకంటె ఎక్కువ కాలం గాలిలో వుంటుంది. కోరి కన్న సంతానాలు ఏడయితే, కోరకుండా కన్నది ఇది. దీనిని ఎనిమిదో సంతానం అంటాను.

ఈ ఎనిమిదోదాన్ని గురించి శాస్త్రజ్ఞులు లెక్కలు చెబుతున్నారు, ప్రభుత్వాలు సభలు జరుపుతున్నాయి. ఈ వారం వారి జోలికి పోవడం లేదు. ఈ సంగతిని తమ పనిగా పెట్టుకున్న కళాకారులు కొందరున్నారు. వారు చేసినవి కొన్ని మీకు చెప్పాలని వుంది.

* * *

పసిఫిక్ మహాసముద్రం నడుమ, ఏ ఖండానికైనా రెండువేల మైళ్లకు పైబడిన దూరంలో మిడ్వే అని చిన్న దీవులున్నాయి. అక్కడ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షులు లక్షల సంఖ్యలో గుడ్లు పెట్టి పిల్లలను చేస్తాయి. 2009లో క్రిస్ జోర్డాన్ అనే అమెరికన్ ఛాయాచిత్రకారుడు అక్కడికి వెళ్లి, చనిపోయిన పిల్లలను ఫొటోలు తీశాడు. ఈకలు, ఎముకలు మట్టిలో కలిసిపోతున్నాయి. కడుపు వుండవలసిన చోట మాత్రం సీసా మూతలు, సిగరెట్ లైటర్లు, రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు, ఒక్కటీ చెక్కు చెదరకుండా కుప్పగా వున్నాయి. అతడు ఏ ముక్కనూ సర్దలేదు, కదపలేదు. ఎట్లా వున్నది అట్లా తీశాడు.

ఆ ముక్కలు పిల్లల కడుపులోకి ఎట్లా వచ్చాయి? తల్లీ తండ్రీ తెచ్చి పెట్టినవే. ఆ పక్షులు తిండికోసం సముద్రం మీద వందల మైళ్లు తిరిగి, పైన తేలుతున్న చేపగుడ్లూ అవీ ఏరుకుని, గూటికి తిరిగివచ్చి, పిల్ల నోట్లో కక్కి పెడతాయి. తరతరాలుగా నీటిమీద తేలేదంతా వాటికి తిండే. ప్లాస్టిక్ అనేది ఒకటి పుట్టిందని వాటికి ఎవరు చెబుతారు? ఆ తల్లికి ప్రేమ తక్కువ కాలేదు. రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చింది. అరగనిదాన్ని ముద్దచేసి పెట్టింది.

ఆ బొమ్మలు చూచినవారు పక్షిని చూచి జాలిపడి వూరుకోలేరు. పిల్లలకోసమే గదా మనమూ ఇంత తిరుగుతున్నది, ఇంత తెస్తున్నది! పిల్లవాడి సుఖంకోసం కొన్న సామానులో ఎంత భాగం ఆ పిల్లవాడి పిల్లలకు అరగనిదిగా మిగులుతుందో ఎవరు లెక్కచూశారు? ఆ పక్షికి తెలియదనే సమాధానమైనా వుంది. మనకు అదీ లేదు.

* * *

జర్మనీలో కాసెల్ అనే వూరుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, బాంబులు పడి ఆ వూరు చాలామట్టుకు నేలమట్టమయింది. యుద్ధానంతరం మళ్లీ లేచింది. అక్కడ కొన్ని ఏళ్లకు ఒకసారి పెద్ద కళాప్రదర్శన జరుగుతుంది. 1982 ప్రదర్శనకు జోసెఫ్ బాయిస్ అనే శిల్పిని పిలిచారు. ఆయన బొమ్మ చెక్కలేదు, రంగు పూయలేదు. ప్రదర్శనశాల ముందున్న పచ్చిక మీద 7000 నల్లరాతి స్తంభాలు తెచ్చి గుట్టగా పోయించాడు. ఒక నియమం పెట్టాడు. వూళ్లో ఎక్కడైనా ఒక చెట్టు నాటితే గుట్టలోనుంచి ఒక రాయి తీసి ఆ చెట్టు ప్రక్కన పాతాలి. ఏడువేల చెట్లు నాటితే గాని గుట్ట తరగదు.

వూరివారికి కోపం వచ్చింది. నడివూళ్లో ఈ రాళ్లగుట్ట ఏమిటి, అసహ్యంగా! అన్నారు. నిజమే, అసహ్యంగానే వుంది. కాని దాన్ని పోగొట్టే మార్గం ఒక్కటే. లారీ తెచ్చి ఎత్తించడానికి వీలు లేదు, చెట్టు నాటాలి. అప్పుల పత్రం నడివీధిలో వ్రేలాడదీసినట్లున్నది ఆ ఏర్పాటు. అప్పు తీరుస్తే గాని కాగితం దిగదు.

గుట్ట తరగడానికి ఐదేళ్లు పట్టింది. బాయిస్ చివరి రాయి కదలడం చూడలేదు. 1986 జనవరిలో చనిపోయాడు. 1987లో చివరి చెట్టును ఆయన కొడుకు నాటాడు. తండ్రి వేయ తలపెట్టిన తోటను కొడుకు పూర్తిచేశాడంటే, ఏడు సంతానాలలో ఒకటి మరొకదానికి చేయూత ఇచ్చిందన్నమాట. నాటిన రోజున రాయే పెద్దది, మొక్క చిన్నది. ఇప్పుడా వీధుల్లో చెట్టు తలెత్తి చూడవలసినంత ఎత్తయింది; రాయి దాని పాదాల దగ్గర చంటిపిల్లవాడిలాగా కూర్చున్నది. రాయి ఎదగదు. చెట్టు ఎదుగుతుంది. అయితే చెట్టుకు నీళ్లు పోయాలి, రాయికి అక్కరలేదు. ఈ మాట కూడా జ్ఞాపకం వుంచుకోండి.

* * *

ఫిన్లాండు మన జిల్లాలకంటె తక్కువ జనం వున్న దేశమేమీ కాదు గాని, మన రాష్ట్రాల ముందు చాలా చిన్న లెక్క. ఆ దేశంలో మనిషి భవిష్యత్తుకోసం చేసిన పనులు రెండున్నాయి. రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి.

మొదటిది ఒక కొండ. యూలోయార్వి అనే వూరి దగ్గర కంకర త్రవ్వి త్రవ్వి నేలను గోతులు చేసి వదిలేశారు. ఆగ్నెస్ డెనెస్ అనే కళావిదుషి ఆ చోట మట్టితో కొండ కట్టించి, 1992 నుంచి 1996 వరకు దానిమీద 11,000 చెట్లు నాటించింది. నాటినవారూ 11,000 మంది. దేశదేశాలనుంచి వచ్చినవారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క చెట్టు. ప్రొద్దుతిరుగుడు పువ్వులో గింజలు తిరిగినట్లు చెట్లు వరసలు తిరిగి వుంటాయి. నాటినవారికి పత్రం ఇచ్చారు. ఆ పత్రం 400 ఏళ్లు చెల్లుతుంది. ఇల్లూ పొలమూ వచ్చినట్లు కొడుకుకో కూతురికో వారసత్వంగా వస్తుంది. చెట్టు వారిదే, కొట్టుకోవడానికి మాత్రం వీలులేదు. నాలుగువందల ఏళ్లకు ఆ త్రవ్విన చోట పెద్ద అడవి నిలవాలని ఉద్దేశం.

రెండోది ఒక గొయ్యి. అదే దేశం పడమటి తీరాన, ఓల్కిలువోతో అనే దీవిలో, 2004 నుంచి కొండరాయి తొలిచి సుమారు 430 మీటర్ల లోతున సొరంగాలు చేశారు. పేరు ఒంకాలో. విద్యుత్తు పుట్టించిన తరువాత మిగిలే అణు ఇంధనాన్ని రాగి గొట్టాలలో బిగించి అక్కడ పెట్టి, దారి శాశ్వతంగా మూసివేయాలని ఏర్పాటు. ఎంతకాలం ఎవరూ తెరవకూడదు? లక్ష సంవత్సరాలు.

కొండకు నాలుగువందలు, గోతికి లక్ష. మనం ప్రేమతో ఇవ్వదలచినది ఎంతకాలం సాగాలని ఆశపడుతున్నామో, ఇవ్వకూడదనుకున్నది దానికి రెండువందల యాభై రెట్లు సాగుతుంది. పైగా కొండకు కాపలా కావాలి. చట్టం వుండాలి, పత్రాలున్నవారికి శ్రద్ధ వుండాలి, దేశం దేశంగా వుండాలి. గొయ్యి మాత్రం అట్లా కట్టలేదు. పై నేలమీద మనుషులున్నా లేకపోయినా, మరచిపోయినా పనిచేసేటట్లు కట్టారు.

మైకేల్ మాడ్సెన్ అనే డేనిష్ దర్శకుడు ఈ గోతిని గురించి 2010లో ఒక చిత్రం తీశాడు. అందులో ఆయన చీకట్లో అగ్గిపుల్ల గీచి, ఆ వెలుగు వున్నంతసేపు, ఎప్పటికో పుట్టబోయే మనిషితో మాట్లాడతాడు. అగ్గిపుల్ల ఎంతసేపు వెలుగుతుంది!

* * *

సరే, గొయ్యి మూశాము. ఇక్కడ త్రవ్వవద్దని తరువాతివారికి ఎట్లా చెప్పడం? భాష చెప్పుకుని బ్రతికేవాడిని గనుక ఈ ప్రశ్న దగ్గర నా కాలు ఆగిపోయింది.

ఈ ప్రశ్న ముందుగా గట్టిగా వేసుకున్నది అమెరికావారు. న్యూమెక్సికోలో ఉప్పు పొరలలో 2,150 అడుగుల లోతున, అణ్వాయుధాల తయారీలో మిగిలిన విషపదార్థాలను 1999 నుంచి పాతిపెడుతున్నారు. అందులో వున్న ప్లుటోనియంలో ఒక రకానికి సగం బలం తగ్గడానికే సుమారు 24,000 ఏళ్లు కావాలి. కనీసం 10,000 ఏళ్లు నిలిచే హెచ్చరిక ఆ స్థలం పైన పెట్టాలని, 1990లలో భాషావేత్తలనూ పురాతత్వ పండితులనూ ఖగోళ శాస్త్రజ్ఞులనూ చిత్రకారులనూ కూర్చోబెట్టి ఆలోచన అడిగారు. భూమిలోనుంచి రాక్షసి ముళ్లు పొడుచుకువచ్చినట్లు రాతి స్తంభాలు నిలబెట్టాలని ఒకటి, భయంతో కేకవేస్తున్న మనిషి ముఖం చెక్కాలని ఒకటి, ఏడు భాషలలో వ్రాయాలని ఒకటి, ఇట్లా వచ్చాయి సలహాలు.

పదివేల ఏళ్లు! మన సంగతి చూడండి. తెలుగులో దొరికిన శాసనాలలో మొట్టమొదటిదని చెప్పే కలమళ్ల శాసనం, రేనాటి చోళరాజు ధనంజయుడిది, సుమారు 575 నాటిది. దాని వయస్సు పదిహేను వందల ఏళ్లయినా నిండలేదు. తెలుగు ఎం.ఏ. చదివిన పిల్లలలో దాని లిపి చదవగలవారిని వ్రేళ్లమీద లెక్కపెట్టవచ్చు. చదివినా అర్థం చెప్పాలంటే పండితులు కావాలి. మన రాతే మనకు ఇట్లా అయింది. పదివేల ఏళ్లకు ఎవరిది ఎవరు చదువుతారు?

పోనీ, బొమ్మలు వేద్దామంటే మరొక చిక్కు. భయపెట్టే బొమ్మ వున్న చోట ఏదో దాచారనుకోవడం మనిషి స్వభావం. మన వూళ్లలో లంకెబిందెలకోసం పాత గుళ్లు పెళ్లగించేవారి సంగతి మీకు తెలియనిదా? రాతిమీద నాగపడగ చెక్కి వుంటే, మనవాడు చేసే మొదటి పని దణ్ణం, రెండో పని గడ్డపార తేవడం. ఏడు సంతానాలలో నిధి ఒకటని చెప్పుకున్నాము గదా. ఎనిమిదో సంతానం ఆ నిధి వేషం వేసుకుని కూర్చుంటుందన్నమాట.

1984లో ఫ్రాన్సులోని బాస్టిడ్ అనే ఆమె, ఇటలీలోని ఫాబ్రీ అనే ఆయన కలిసి ఒక విచిత్రమైన ఉపాయం చెప్పారు. అణుధార్మికత తగిలితే ఒంటి రంగు మారే పిల్లులను పెంచాలట. పిల్లి రంగు మారితే ఆ చోటు విడిచిపెట్టి పారిపోవాలని సామెతలూ పాటలూ కథలూ పుట్టించి జనంలో వదలాలట! నవ్వకండి. పిల్లుల మాట ఎట్లా వున్నా, సామెతను నమ్ముకోవడంలో మాత్రం గొప్ప తెలివి వున్నది. రాతిమీద అక్షరం వ్రాసిన రోజునే పాతబడడం మొదలుపెడుతుంది. సామెత అట్లా కాదు. ప్రతి అమ్మమ్మా తన కాలపు మాటలో మళ్లీ చెబుతుంది. చెప్పినప్పుడల్లా అది కొత్తదవుతుంది. చెరువు పూడిక తీసినట్లే ఇదీను. ఒక తరం చెప్పడం మానితే మాత్రం అంతటితో సరి.

* * *

ఐస్‌లాండులో ఓక్ అనే కొండమీద ఒక హిమానీనదం వుండేది. మంచు తన బరువుకు తాను మెల్లగా కదులుతుంటే గాని దానిని హిమానీనదమనరు. కరిగి కరిగి, కదలడానికి చాలినంత మందం లేకపోవడంతో, 2014లో ఆ దేశపు శాస్త్రజ్ఞుడొకరు అది చనిపోయిందని తేల్చారు. మనుషులకు మరణ ధ్రువపత్రం ఇచ్చినట్లే. 2019 ఆగస్టులో కొందరు ఆ కొండ ఎక్కి, ఒక రాతికి ఇత్తడి రంగు ఫలకం బిగించారు. దేశ ప్రధాని కూడా వచ్చారు. ఫలకంమీద మాటలు ఆండ్రి స్నైర్ మాగ్నసన్ అనే రచయితవి. భవిష్యత్తుకు ఉత్తరమని దాని పేరు.

ఉత్తరంలో వున్నది నాలుగు ముక్కలే. రాబోయే రెండువందల ఏళ్లలో మా హిమానీనదాలన్నిటికీ ఇదే గతి పట్టవచ్చునని. జరుగుతున్నదేమిటో, చేయవలసినదేమిటో మాకు తెలుసునని. చేశామో లేదో మాత్రం మీకే తెలుస్తుందని. క్రింద ఒక అంకె వేశారు: 415. ఆ సంవత్సరం గాలిలో పదిలక్షల పాళ్లకు బొగ్గుపులుసు గాలి అన్ని పాళ్లకు చేరింది. యంత్రాల యుగానికి ముందు అది 280 పాళ్లు. ఆ తరువాత 420 కూడా దాటింది.

మన శాసనాలు కూడా భవిష్యత్తుకు ఉత్తరాలే. కాని వాటి చివర ఎప్పుడూ ఒక శాపం వుంటుంది: ఈ ధర్మాన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని. పూర్వీకుడు దాత, వెనుకటివాడు చెడగొడతాడేమోనని అతని భయం. ఈ ఐస్‌లాండు శాసనంలో చెడగొట్టినవాడే శాసనం వేయించాడు. శపించే హక్కును చదివేవాడికే వదిలిపెట్టాడు. ఇట్లాంటి శాసనం మన దేశంలో నేను చూడలేదు.

* * *

అన్నీ భయపెట్టే మాటలేనా అనకండి. చివరగా చెప్పబోయేది వేరు.

2014లో నార్వే రాజధాని ఓస్లో ప్రక్కనున్న అడవిలో కేటీ పాటర్సన్ అనే స్కాట్లండు కళాకారిణి వెయ్యి స్ప్రూస్ మొక్కలు నాటించింది. వందేళ్లకు, అంటే 2114లో, ఆ చెట్లనుంచి కాగితం చేస్తారు. ఆ కాగితంమీద ఒక పుస్తకాల సంపుటి అచ్చువేస్తారు. అందులో వేయవలసిన రచనలు ఏడాదికి ఒక్కొక్క రచయిత ఇస్తున్నారు. మొదట ఇచ్చినది కెనడా నవలారచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్. ఏ భాషలోనయినా, ఎంతయినా వ్రాయవచ్చు. పేరు మాత్రం ప్రకటిస్తారు. లోపలేమున్నదీ 2114 వరకు ఎవరూ చదవకూడదు. వ్రాతప్రతులు దాచడానికి ఓస్లో నగర గ్రంథాలయంలో 2022లో ఒక చిన్న గది తెరిచారు. కొత్త మొక్కలకు చోటు చేయడానికి కొట్టిన చెట్ల కలపతోనే నూరు వరసలుగా దాని గోడలు కట్టారు.

కొరియా రచయిత్రి హాన్ కాంగ్ 2019లో తన ప్రతి ఇచ్చింది. 2024లో నోబెల్ బహుమతి వచ్చినది ఈమెకే. ఆమె పొడుగాటి తెల్లగుడ్డ ఒకటి అడవిలో ఈడ్చుకుంటూ వచ్చి, దానిలో వ్రాతప్రతిని చుట్టి అప్పగించింది. కొరియాలో పుట్టిన బిడ్డకు తొడిగేదీ తెల్లగుడ్డే, చావుకు కట్టేదీ తెల్లగుడ్డే. ఆ రచనకు ఆమె పెట్టిన పేరు ప్రియమైన కుమారుణ్ణి పిలిచే పిలుపు.

ఇక్కడ మన లెక్క ఒకసారి సరిచూడండి. అడవిలో చెట్లు: వనం. వ్రాతప్రతి: కృతి. తాళంవేసి దాచడం: నిధి. పేరు పెట్టడంలో కుమారుడు కూడా వచ్చాడు. ఏడింటిలో నాలుగు ఒక్క చోట కలిశాయి. మన సప్తసంతానాల సంగతి విని చేశారని నేననను. మనిషి తన తరువాతి కాలాన్ని తలచుకున్నప్పుడు చేయి వెళ్లే చోట్లు అన్ని దేశాలలోనూ కొద్దిగానే వుంటాయి కాబోలు.

ఇందులోనూ పెద్దమనుషులకు అభ్యంతరాలున్నాయి. వ్రాసినదాన్ని బ్రతికివున్నవారికి చదవనీయకుండా దాచడం ఏమి కళ అంటారు. వెయ్యి చెట్లతో లోకం పొగ తగ్గుతుందా అంటారు. తగ్గదు. కాసెల్ చెట్లతోనూ తగ్గదు. మిడ్వే ఫొటోలతో సముద్రంలో ఒక్క సీసామూతా తగ్గదు. కళచేత చెత్త ఊడ్పించాలనుకుంటే చీపురే మేలు. కాని ఓస్లోలో జరిగే పని మరొకటి వుంది. ఈనాడు వ్రాతప్రతి ఇచ్చిన రచయితకు తన పాఠకుడు ఇంకా పుట్టలేదని తెలుసు. అతడు చదవాలంటే ఆ అడవి కాలకుండా వుండాలి, పురుగు పట్టకుండా వుండాలి, గ్రంథాలయం వుండాలి, అక్షరం చదివేవాడు వుండాలి. ఇప్పుడున్న అధికారులు, సంరక్షకులు అందరూ పోతారు. నూరేళ్లలో కనీసం నాలుగు తరాలు ఒకరి చేతిలోనుంచి ఒకరు ఆ పని అందుకోవాలి. ఒక్కరు చేయి విడిస్తే పుస్తకం లేదు. కళ అంటే ఆ వెయ్యి మొక్కలు కావు. ఆ చేతుల వరస.

ఇంతకుముందు జ్ఞాపకం వుంచుకోమన్న మాటలు ఇక్కడ కలుస్తాయి. మంచి సంతానం ఏదైనా సరే, దానికి ఎవరో ఒకరు తరువాత దిక్కు కావాలి. చెరువుకు పూడిక తీసేవాడు, తోటకు నీరు పెట్టేవాడు, కావ్యానికి చదివి చెప్పేవాడు, గుడికి దీపం పెట్టేవాడు లేకపోతే అవన్నీ అంతరించేవే. రాయలవారు చెడదన్న కృతి కూడా తాటాకుల మీద తిరిగి తిరిగి వ్రాసినవారుండబట్టే మనదాకా వచ్చింది. ఎనిమిదో సంతానానికి ఈ బాధ లేదు. దానికి పెంచేవారక్కరలేదు, ప్రేమించేవారక్కరలేదు. ఎవరూ పట్టించుకోకపోతే అది మరింత సుఖంగా బ్రతుకుతుంది. మనం ఏమీ చేయకుండా వూరుకుంటే నిలిచేది అదే. మనం పనికట్టుకుని చేస్తే గాని నిలవనివి తక్కిన ఏడూ.

కావాలంటే మీ వూరి చెరువుదాకా నడిచి చూడండి. పూర్వం ఎవరో పుణ్యాత్ముడు త్రవ్వించిన చెరువే అయివుంటుంది. చాలా వూళ్లలో ఇప్పుడు నీటి అంచున ప్లాస్టిక్ సంచులు, మందు సీసాలు, విరిగిన బొమ్మలు కుప్పపడి వుంటాయి. రెండో సంతానం ఇంట్లోకి ఎనిమిదోది వచ్చి కాపురం పెట్టింది. గట్టుమీద శాసనం ఏదీ వుండదు. కాని పిల్లవాడి చేయి పట్టుకుని అక్కడికి తీసుకువెళితే, వాడు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతాడు: ఇదంతా ఎవరు వేశారు? అని. దానికి సమాధానం చెప్పడానికి మనం ఇంకా బ్రతికే వున్నాము. ఐస్‌లాండువారి ఉత్తరంలాగా రెండువందల ఏళ్లు ఆగవలసిన పని లేదు.